మీకు తెలుసా? సంతకం కావాలంటే సందేహం పంపమన్న ఖగోళ శాస్త్రవేత్త

• ఆటోగ్రాఫ్ అడిగిన బడిపిల్లలకు జయంత్ నార్లీకర్ ఒక షరతు పెట్టేవారు. సైన్సులో మీకొచ్చిన సందేహాన్ని పోస్టుకార్డు మీద రాసి పంపండి, జవాబు రాసి కింద సంతకం చేస్తాను అనేవారు. అన్నట్టే రాసేవారు.

• ఆయన కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ శిష్యుడు. ఇద్దరూ కలిసి 1964లో కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే పద్మభూషణ్ వచ్చింది. అప్పటికి ఆయన వయసు 26.

• 1972లో స్వదేశానికి తిరిగొచ్చి ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. రెండేళ్లకు మరాఠీ విజ్ఞాన పరిషత్తు సైన్సు కథల పోటీ పెట్టింది. దానికి కథ పంపుతూ, తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని పొడి అక్షరాలను తిరగేసి నారాయణ్ వినాయక్ జగతాప్ అనే మారుపేరు పెట్టుకున్నారు. చేతిరాత పట్టిస్తుందేమోనని కథను భార్య మంగళ చేత రాయించారు. కృష్ణబిలం మీద రాసిన ఆ కథకే మొదటి బహుమతి దక్కింది! ఆ తర్వాత మరాఠీలో రాసిన ఆత్మకథకు 2014లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విశ్వశాస్త్రం చెప్పడానికి అమ్మభాష చాలదనే వాళ్లకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

• జ్యోతిషాన్ని ఆయన మాటలతో ఖండించి ఊరుకోలేదు, పరీక్షకు పెట్టారు. 2008లో మహారాష్ట్రలో 100 మంది తెలివైన విద్యార్థుల జాతకాలనూ, 100 మంది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలనూ సేకరించి కలిపేశారు. ఒక్కో జ్యోతిషుడికి 40 ఇచ్చి, ఏది ఏ పిల్లలదో చెప్పమన్నారు. 51 మంది ముందుకొచ్చారు, 27 మంది సమాధానాలు పంపారు. సగటున 46 శాతం సరిపోయాయి. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా చూసి చెప్పినా సగం సరిపోతాయి కదా!

• పుణెలో 1988లో ఆయన నెలకొల్పిన ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా, బడిపిల్లలకూ తలుపులు తెరిచింది. శనివారాల్లో వాళ్ల కోసం ఉపన్యాసాలు పెట్టారు. పారేసిన వస్తువులతో సైన్సు బొమ్మలు చేసే అరవింద్ గుప్తా అక్కడే ఏళ్లపాటు పనిచేశారు.

• 2005లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి నమూనాలు సేకరించింది. వాటిలో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి. ఆ ప్రయోగానికి దిశానిర్దేశం చేసినవారిలో నార్లీకర్ ఒకరు. ఒక జాతికి ఆయన గురువు హాయిల్ పేరే పెట్టారు.

• సైన్సును జనానికి చేరువ చేసినందుకు 1996లో యునెస్కో కళింగ బహుమతి ఇచ్చింది. ఆయన 2025 మే 20న పుణెలో కన్నుమూశారు.

• మీ ఇంట్లో 2006 నాటి ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి ఫిజిక్స్ పుస్తకం ఉంటే మొదటి పేజీలు తిప్పండి. పాఠ్యపుస్తకాల సలహా సంఘం అధ్యక్షుడి చోట ఆయన పేరు కనిపిస్తుంది. పిల్లలకు చూపించి, ఆ పోస్టుకార్డుల సంగతి చెప్పండి.