ప్రేలిన చుక్కలు, పలచబడిన చీకటి

వెలుతురును గ్రహింపక, వెలుతురును విడువక, తన ఆకర్షణచేత మాత్రమే తన యునికిని తెలుపుకొనుచున్న కృష్ణపదార్థము, విశ్వమందలి మామూలు పదార్థమునకు ఐదు రెట్లకు మించి యున్నదని నేటి ఖగోళశాస్త్రజ్ఞుల లెక్క. ఇది గురుత్వాకర్షణకు తప్ప మరి దేనికిని లోబడనిచో, ప్రతి గెలాక్సీలోను కేంద్రమును సమీపించినకొలది దాని సాంద్రత హెచ్చుచు పోయి మొనదేరి నిలువవలెనని నవారో, ఫ్రెంక్, వైట్ అను మువ్వురు 1990ల నడుమ కంప్యూటరు గణనములచేత చూపిరి. అయితే మరుగుజ్జు గెలాక్సీలలో వాయువు తిరుగు వేగమును కొలిచిన వారికి పెక్కుచోట్ల ఆ మొన కానరాలేదు. నడుమ చదునైన పళ్ళెమువంటి సాంద్రతయే కనబడినది.

ఆ తొలి గణనములలో నక్షత్రములు లేవు, వాయువు లేదు. సూర్యునికి ఎనిమిది రెట్లకు మించిన ద్రవ్యరాశి గల నక్షత్రము కొద్ది కోట్ల ఏండ్లలోనే ఇంధనము తీరి సూపర్‌నోవాగా ప్రేలును. ఆ ప్రేలుడు చుట్టునున్న వాయువున కిచ్చు శక్తి, మన సూర్యుడు వేయి కోట్ల ఏండ్ల జీవితమున వెలుగుగా వెదజల్లు మొత్తమునకు ఇంచుమించు సాటి.

కాని కృష్ణపదార్థము ఆ వేడిమి నెరుగదు. ఎగసిపడు వాయువు దానిగుండా అడ్డులేక సాగిపోవును. అట్టిదానిని ప్రేలుడు కదలించుట యెట్లు? లోతైన మూకుడు అంచునుండి ఒక గోళీని జారవిడువుడు. అది అడుగునకు చేరి వడిగా దొర్లుచున్న క్షణముననే మూకుడు లోతు సగమైనదని భావింపుడు. వడి తగ్గలేదు, ఎక్కవలసిన ఎత్తు తగ్గినది, కనుక గోళీ అంచును దాటి పోవును. కృష్ణపదార్థ కణమునకు ఆ మూకుడు, కేంద్రమున క్రిక్కిరిసిన వాయువుయొక్క ఆకర్షణయే. సూపర్‌నోవాలు గుంపుగా ప్రేలి ఆ వాయువును వెలికి గెంటినపుడు కణము దూరమునకు జరుగును. వాయువు చల్లబడి మరల వచ్చి చేరినను, అప్పటికే ఎడమైన కణమునకు ఆ లోతు అంతగా తగులదు. రాకపోకలు రెండును నెమ్మదిగా సాగినచో కణము పూర్వకక్ష్యకే వచ్చియుండెడిది. అది ఒక చుట్టు తిరుగులోపలనే వాయువు వెడలిపోవుటచేత వెనుకటి స్థితి మరల రాదు. ఇట్లు పలుమారులు జరుగగా మొన అరిగిపోవునని 2012లో ఆండ్రూ పాంట్జెన్, ఫాబియో గవర్నేటో లెక్కగట్టి చూపిరి.

ఈ గణనములలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచు సంగతి యొకటి కలదు. పలచని వాయువునందును నక్షత్రములు పుట్టవచ్చునని యంత్రమునకు చెప్పినచో, పుట్టుకలును ప్రేలుళ్ళును చెదురుమదురై మొన చెక్కుచెదరక నిలుచును. దట్టమైన మేఘములలోనే పుట్టవలెనని నియమించినపుడు, అవి ఉప్పెనవలె విరుచుకొనిపడి మొనను కరగించును. నక్షత్రజననమును మనము ఎంత నిజముగా వ్రాసితిమో, ఫలితమును అంతవరకే నమ్మవచ్చును. కృష్ణపదార్థ కణములు తమలో తాము ఢీకొనుటచేతను మొన కరగవచ్చునను వాదమును ఇంకను తోసిపుచ్చరాదు.

అయినను ఆకాశమున ఒక సాక్ష్యము కనబడుచున్నది. మన పాలపుంత చుట్టు తిరుగు చిన్న గెలాక్సీలలో డ్రాకో, నక్షత్రములను పుట్టించుట ఇంచుమించు వేయి కోట్ల ఏండ్ల క్రిందటనే మానినది. ఫోర్నాక్స్ ఇటీవలి వరకు పుట్టించుచు వచ్చినది. కేంద్రమున కృష్ణపదార్థము డ్రాకోలో దట్టముగను, ఫోర్నాక్సులో పలచగను ఉన్నట్లు 2019లో వెలువడిన పరిశీలన తెలుపుచున్నది.