వీధి కెమెరా – పౌరుని ఏకాంతం – రచయిత బాధ్యత

1933లో శ్రీశ్రీ రాసిన ‘జయభేరి’ గేయం మొదటి రెండు మాటలు తరవాతి కాలంలో హైదరాబాద్‌లో ఒక పోలీసు పథకానికి పేరయ్యాయి. దుకాణదారులూ, అపార్ట్‌మెంట్ సంఘాలూ, కాలనీవాసులూ చందాలు వేసుకుని వీధుల్లో నిఘా కెమెరాలు పెట్టించాలి, వాటిని పోలీసు వ్యవస్థతో కలపాలి అన్నది ఆ పథకం. పేరు ‘నేను సైతం’. ఒక మనిషి తన ‘నేను’ను సమష్టిలో కలుపుకోవడానికి పలికిన మాట, ఒక పౌరుడు సొంత ఖర్చుతో తన మీద తానే నిఘా పెట్టుకోవడానికి అంగీకార పత్రమైంది. పేరు పెట్టిన అధికారి సాహిత్యాభిరుచి అని దీన్ని నవ్వి వదిలెయ్యడానికి వీల్లేదు. పాలకవర్గం ప్రజల మాటల్ని కాజేసేటప్పుడు చచ్చిన మాటల జోలికి పోదు. జనం గుండెల్లో ఇంకా వేడి తగ్గని మాటల్నే కాజేస్తుంది. అందువల్ల వీధి కెమెరా సంగతి పోలీసులూ వకీళ్లూ చూసుకుంటారులే అని మాటతో పనిచేసేవాళ్లం ఊరుకోకూడదని నా అభిప్రాయం.

ఈ కెమెరా చేసే పని ఏమిటి, దాని వెనక ఉన్న చట్టమూ చరిత్రా ఏమిటి, మన కథకులూ కవులూ అందులో గమనించవలసింది ఏమిటి – ఈ మూడూ వివరించడానికి ప్రయత్నిస్తాను.

1. కానిస్టేబులు చూపు, కెమెరా చూపు

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయేవరకూ విశాఖపట్నం జిల్లాలోనూ, ఆ తరవాత అనకాపల్లి జిల్లాలోనూ ఉన్న మా చోడవరం పెద్ద పట్టణమేమీ కాదు. స్వయంభూ వినాయకుడి గుడి, బస్సు కాంప్లెక్సు, బట్టల కొట్లు, ఎరువుల కొట్లు, అనకాపల్లి నుంచి మాడుగుల వైపు, పాడేరు వైపు వెళ్లే జనం. ఇలాంటి ఊరి సెంటర్లో ఇదివరకు నిఘా అంటే ఒక కానిస్టేబులు. అతను మనల్ని చూస్తే మనమూ అతన్ని చూసేవాళ్లం. అతని పేరు, ఊరు, అతనికి టీ ఎవరిస్తారో కూడా తెలిసేది. సాయంత్రానికి చూసిందంతా మరిచిపోయేవాడు. అతని చూపుకు అలసట ఉంది, మరుపు ఉంది, మనిషితనం కూడా కొంత ఉంది.

కెమెరాకు ఆ మూడూ లేవు. గుమ్మం మీద కన్ను ఉంటుంది, లోపల ఎక్కడో పెట్టె ఉంటుంది, పెట్టెలో డిస్కు ఉంటుంది. కన్ను మనకు కనిపిస్తుంది గాని, దాని వెనక కూర్చుని చూసే మనిషి కనిపించడు. చూసింది నిలవ ఉంటుంది. నిలవ ఉన్నది వెనక్కి తిప్పి చూడవచ్చు, ఇంకొక చోటికి పంపవచ్చు, వేరే చోట తీసిన చిత్రాలతో కలిపి ఒక మనిషి రోజంతా ఎక్కడెక్కడ తిరిగాడో ఒక దండగా గుచ్చవచ్చు. ఆఖరి మెట్టు ముఖాన్ని గుర్తుపట్టే యంత్రం. కళ్ల మధ్య దూరం, ముక్కు, దవడ ఆకారం వంటివాటిని అంకెలుగా మార్చి, తన దగ్గర ముందే ఉన్న ముఖాల అంకెలతో పోల్చి చూస్తుంది. చూడడం, దాచడం, పోల్చడం – ఈ మూడు మెట్లనీ విడివిడిగా అర్థం చేసుకోకపోతే మన చర్చ ఎప్పుడూ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

చట్టం సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు పేలుళ్లు జరిగిన 2013లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వంద మంది గాని, రోజుకు అయిదు వందల మంది గాని వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలి, చిత్రాలను 30 రోజులు నిలవ ఉంచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. దుకాణాలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనా స్థలాలు, బస్సు స్టేషన్లు అన్నీ ఇందులోకి వస్తాయి. ఆ అంకెలు మా ఊరికి వర్తింపజేసి చూడండి. బస్సు కాంప్లెక్సులో రోజుకు అయిదు వందల మంది ఒక లెక్కా? వినాయక చవితినాడు గుడి దగ్గర వంద మంది ఒక లెక్కా? మహానగరంలో పేలిన బాంబు పేరుతో వచ్చిన చట్టం చిన్న ఊళ్ల సంతకూ గుడికీ బడికీ ఒకే కొలత వేసింది. కెమెరా పెట్టవలసిన బాధ్యతను ఇంత వివరంగా చెప్పిన చట్టం, ఆ చిత్రంలో ఉన్న మనిషికి హక్కులేమిటో అంత వివరంగా చెప్పలేదు.

2. గుమ్మడికాయల దొంగ

‘మనం తప్పు చెయ్యనప్పుడు మనకేటి భయం మాస్టారూ?’ అని మా వీధి కిరాణా కొట్టాయన అడుగుతాడు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యకూడదు. లారీ గుద్ది పారిపోతే బండి నెంబరు దొరికింది కెమెరాలోనే. మెడలో గొలుసు తెంపుకుపోయినవాణ్ణి పట్టించిందీ కెమెరాయే. రాత్రి ఆఖరి బస్సు దిగి నడిచే ఆడపిల్ల దీపమూ కెమెరా ఉన్న వీధినే ఎంచుకుంటుంది. ఈ మేలును కాదంటే జనం మన మాట వినరు. వినకపోవడం న్యాయం కూడా.

అయితే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడనే సామెత మనకుంది. ఆ సామెతలో భుజాలు తడుముకున్నవాడే దొంగ. కెమెరా వచ్చాక సామెత తిరగబడింది. ఇప్పుడు సెంటర్లో నిలబడ్డ ప్రతివాడూ భుజాలు తడుముకోవాలి. తడుముకోవడం అలవాటయ్యాక, తడుముకోనివాడే అనుమానాస్పదుడవుతాడు. చెరకు బకాయిల కోసం రోడ్డు మీద కూర్చున్న రైతు, జీతం కోసం ధర్నా చేసిన అంగన్‌వాడీ కార్యకర్త ఏ తప్పూ చెయ్యలేదు. కాని తమ ముఖం నిలవ ఉంటుందని తెలిస్తే రేపు కూర్చునేవాళ్లలో ఎందరు వెనక్కి తగ్గుతారో ఆలోచించండి. కెమెరా ఎవరినీ ఆపనక్కర్లేదు, మనిషి తనంతట తానే ఆగిపోతాడు. 1791లో బెంథామ్ గీసిన వలయాకారపు జైలు సూత్రం ఇదే: కాపలాదారు నిజంగా చూస్తున్నాడో లేదో ఖైదీకి తెలియకూడదు. 1975లో ఫూకో ఆ నమూనాను తీసుకుని ఆధునిక సమాజపు క్రమశిక్షణను విశ్లేషించాడు.

‘వీధిలో ఏకాంతమేమిటి? మన పల్లెల్లో గోప్యత ఎప్పుడుంది?’ అని ఇంకో ప్రశ్న. నిజమే, మన పల్లెల్లో అరుగులే కెమెరాలు. ఎవరు ఎవరింటికి వెళ్లారో, ఏ కులంవాడు ఏ బావి దగ్గరకు పోయాడో చూసి పెట్టే కళ్లు ఎప్పుడూ ఉన్నాయి. సరిగ్గా అందుకే పట్టణపు సెంటరు విలువైంది. పల్లె నుంచి వచ్చిన దళిత యువకుడు ఎవరి పేరూ ఊరూ చెప్పకుండా హోటల్లో కూర్చుని టీ తాగిన చోటు అది. ఆడపిల్ల తోటి విద్యార్థితో పుస్తకాల గురించో, భవిష్యత్తు గురించో నాలుగు మాటలు మాట్లాడుకున్న చోటు అది. గుంపులో గుర్తు లేకుండా ఉండడమే వాళ్లకు దక్కిన ఏకాంతం. కెమెరా వచ్చి ఆ కాస్తనూ మళ్లీ అరుగుకు అప్పజెబుతోంది.

నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. ఇంటర్ చదివే అమ్మాయి బస్సు కోసం నిలబడి క్లాసు కుర్రాడితో పది నిమిషాలు మాట్లాడింది. ఎదుటి దుకాణం కెమెరాలో అది పడింది. దుకాణదారు ఆమె మేనమామకు స్నేహితుడు. సాయంత్రానికి ఆ ముక్క ఇంటి పెద్దల ఫోన్లలో ఉంది. మర్నాటి నుంచి ఆ పిల్ల కాలేజీకి రాలేదు. ఇందులో పోలీసు లేడు, కేసు లేదు, పత్రికలో వార్త లేదు. ఒక చదువు ఆగిపోయింది, అంతే. ప్రభుత్వ నిఘా గురించి మాట్లాడేవాళ్లు కూడా ఈ కుల, కుటుంబ నిఘాను లెక్కలోకి తీసుకోవడం లేదు. కెమెరా యజమాని ఊళ్లో ఎవరన్న ప్రశ్న వేస్తేగాని ఇది కనిపించదు.

3. చరిత్ర: రిజిస్టరు నుంచి డిస్కు దాకా

నిఘా మనకు కెమెరాతో మొదలు కాలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులుగా రిజిస్టర్లలోకి ఎక్కించింది. మన ప్రాంతంలో ఎరుకలవారిని స్టూవర్టుపురంలాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు తీసుకున్నారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. చట్టం పోయింది గాని, రిజిస్టరు పోలేదు.

స్వతంత్ర భారతంలో ఈ రిజిస్టరును ప్రశ్నించిన కేసు ఖరక్ సింగ్ కేసు. సాక్ష్యం లేక విడుదలైన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టారు. రాత్రిళ్లు తలుపు తట్టారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రి సోదాల్ని కొట్టేసింది, మిగతా నిఘాను మాత్రం సమర్థించింది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదంది. అప్పుడు విభేదించి తీర్పు రాసిన న్యాయమూర్తి మన రాజమహేంద్రవరం వాడైన కోకా సుబ్బారావు. కదలిక స్వేచ్ఛ అంటే కాళ్లు కట్టెయ్యకపోవడం ఒక్కటే కాదనీ, కాపలా చూపుల కింద తిరిగే మనిషికి దేశమంతా జైలేననీ ఆయన వాదన. మలక్ సింగ్ కేసులో మరో తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి, నిఘా అవసరమైనా అది మనిషి ఏకాంతంలోకీ గౌరవంలోకీ చొరబడేంతగా ఉండకూడదని చెప్పారు. చివరికి 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. సుబ్బారావు మైనారిటీ మాట గెలవడానికి 55 ఏళ్లు పట్టింది.

ఆ తీర్పు ప్రకారం ప్రభుత్వం ఈ హక్కులో చెయ్యి పెట్టాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చర్య ఆ ప్రయోజనానికి తగినంత మాత్రమే ఉండాలి. కాని 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం, దేశ భద్రత, ప్రజాశాంతి వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థల్ని తన పరిధి నుంచి మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. దుకాణదారుకు గీసిన గీత, రాజ్యం దగ్గరకు వచ్చేసరికి చెరిగిపోయే వీలుంది.

4. అబద్ధమాడని సాక్షి

కెమెరా అబద్ధమాడదని అందరూ అంటారు. 2023 జనవరిలో ఒక ముస్లిం కూలిని గొలుసు దొంగతనం కేసులో మెదక్ పోలీసులు పట్టుకుపోయారు. కెమెరా చిత్రంలోని దొంగకూ అతనికీ పోలిక ఉండడమే కారణం. అతను దొంగ కాడని తేలి వదిలేశారు. తనను కస్టడీలో హింసించారని చెప్పిన ఆ మనిషి ఫిబ్రవరిలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

కెమెరా ఇక్కడ అబద్ధమాడలేదు. ఒక ముఖం చూపించింది. ఆ ముఖం ఇతనిదే అన్నది మనిషి. యంత్రానికి ఆ పని అప్పజెప్పినా సందేహం తీరదు. ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలిక కుదిరితే మనిషి దొరికినట్టే లెక్క వేస్తున్నామని 2022లో సమాచార హక్కు దరఖాస్తుకు జవాబిచ్చారు. హైదరాబాద్‌లో ముఖ గుర్తింపు యంత్రాల చట్టబద్ధతను సవాలు చేస్తూ వేసిన వ్యాజ్యంలో 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అంతకుముందు, 2021లో, ఆమ్నెస్టీ సంస్థ ఆ నగరంలోని కాలాపత్థర్, కిషన్‌బాగ్ ప్రాంతాల్ని కొలిచి చూస్తే సగానికి పైగా నేల కెమెరాల కనుచూపులో ఉంది.

సాక్ష్యం ఎలా పుడుతుందో, ఎవరి అవసరానికి పుడుతుందో తెలుగు కథలో రావిశాస్త్రి చూపించినంతగా ఇంకెవరూ చూపించలేదు. విశాఖ కోర్టుల్లో వకీలుగా ఆయన చూసిన లోకమే ‘ఆరు సారా కథలు’. ఆ కథలు చదివిన విద్యార్థి కెమెరాను చూసి అడగవలసిన ప్రశ్నలు తేలిక: ఈ సాక్షిని ఎవరు పెట్టారు? ఎవరు పిలిచారు? ఎవరికి అవసరమైనప్పుడు దీనికి నోరు వస్తుంది, ఎప్పుడు పోతుంది?

నోరు పోవడం గురించి ఒక ఉదాహరణ చాలు. లాకప్పులతో సహా ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ కెమెరాలు పెట్టాలనీ, చిత్రాలు కనీసం ఏడాది నిలవ ఉండాలనీ 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కస్టడీ మరణాల వార్తలు చూసి, ఆ కెమెరాల కొరత మీద 2025 సెప్టెంబరులో అదే కోర్టు మళ్లీ స్వయంగా విచారణ మొదలుపెట్టవలసి వచ్చింది. వీధిలో కెమెరాకు చందా పోగవుతుంది, లాకప్పులో కెమెరాకు కోర్టు ఉత్తర్వూ చాలదు. రాజ్యం తనను తాను చూసుకునే చోట కన్ను మూసుకుపోతుంది, ప్రజల్ని చూసే చోట రెప్ప కూడా వెయ్యదు. ఈ యంత్రపు వర్గ స్వభావం ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు.

5. రచయితలు చెయ్యవలసింది

నిఘా మీద రాయాలనగానే మన యువ రచయితలు ఆర్వెల్ 1949లో ప్రచురించిన ‘1984’ నవల వైపు చూస్తారు. అది గొప్ప నవలే. కాని మన నిఘా ఒకే గోడ మీద అంటించిన ఒకే నాయకుడి ముఖం కాదు. మన దగ్గర ప్రభుత్వ కెమెరా, దుకాణం కెమెరా, గుడి కెమెరా, పక్కింటి కెమెరా కలిసి పనిచేస్తాయి. కులం, ఆస్తి, పోలీసు స్టేషను ఆ తీగల్లోంచి మాట్లాడుకుంటాయి. అది రాయాలంటే నియంత రాజ్యపు ఊహాచిత్రం చాలదు, మన సెంటర్లో పది రోజులు నిలబడి చూడాలి. కెమెరాను పూర్తిగా శత్రువుగా చిత్రించినా వాస్తవికత దెబ్బతింటుంది. రాత్రి బస్సు దిగిన అమ్మాయికి అదే ధైర్యం, పగలు బస్సెక్కబోయే అమ్మాయికి అదే ఉచ్చు. ఈ వైరుధ్యాన్ని పట్టుకున్నవాడే మంచి కథ రాస్తాడు.

రాసే ముందు తెలుసుకోవాలి కూడా. మన చేతిలో 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మీ ఊరి కూడలిలో ప్రభుత్వం పెట్టిన కెమెరాలెన్ని, వాటికి డబ్బెక్కడిది, చిత్రాలు ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరు చూడవచ్చు, ఎవరు చూశారో రాసిపెట్టే పుస్తకం ఉందా, ముఖ గుర్తింపు వాడుతున్నారా, స్టేషన్‌లో కెమెరా పనిచేస్తోందా – ఈ ఏడు ప్రశ్నలు ఒక తెల్లకాగితం మీద రాసి, పది రూపాయల రుసుముతో పంపండి. జవాబు వస్తే అది కథకు ముడిసరుకు. గడువులోగా రాకపోతే అప్పీలు చెయ్యండి. ఆ మౌనం కూడా ముడిసరుకే.