డబ్బు లేని కాగితంలోనే అసలు కిటుకు!

గోడ నిటారుగా కట్టడం వచ్చిన మేస్త్రీకి టెండరు కాగితం చదవడం కూడా రావాలని రూలేం లేదు. కానీ ప్రభుత్వ పని చేతికి రావాలంటే ముందు ఆ చదువే కావాలి. చిన్న కాంట్రాక్టర్లు చాలామంది బోల్తా పడేది అక్కడే. అమెరికాలో ఈ చదువు చెప్పేవాళ్లలో సైనిక ఇంజినీర్లు కూడా ఉన్నారంటే కాస్త వింతగానే ఉంటుంది.

వాళ్ల సంస్థ పేరు యూఎస్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్. మూలాలు 1775 నాటివి. పేరు సైన్యానిదే అయినా ఉద్యోగుల్లో అత్యధికులు సివిలియన్లు. సైనిక స్థావరాల్లో భవనాలు, మిసిసిపి నది కరకట్టలు, డ్యాములు, రేవుల్లో పూడికతీత... అన్నీ వీళ్ల పనులే. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఆర్లీన్స్ మునిగాక అక్కడి వరద గోడల్ని తిరిగి కట్టించిందీ వీళ్లే. ఇందులో చాలా పని కాంట్రాక్టర్ల చేతుల మీదుగా జరుగుతుంది.

అందుకే ఈ సంస్థ జిల్లా కార్యాలయాలు చిన్న వ్యాపారుల కోసం సదస్సులు, శిక్షణలు పెడుతుంటాయి. రాబోయే పనులేమిటో చెబుతారు. అధికారులతో, పెద్ద కంపెనీలతో ముఖాముఖి మాట్లాడుకునే వీలు కల్పిస్తారు. ఇదేం దానధర్మం కాదండోయ్! ఫెడరల్ ప్రభుత్వ కాంట్రాక్టుల విలువలో కనీసం 23 శాతం చిన్న సంస్థలకు దక్కాలన్నది అక్కడి చట్టం పెట్టిన లక్ష్యం. పైగా టెండరు వేసేవాళ్లు ఒకరిద్దరే ఉంటే వాళ్లు చెప్పిందే ధర. పదిమంది వస్తేనే సర్కారుకు లాభం.

'చిన్న' అంటే మరీ చిన్నేం కాదు. భవన నిర్మాణంలో సగటు వార్షిక రాబడి 4.5 కోట్ల డాలర్ల వరకు ఉన్నా అక్కడ చిన్న సంస్థే! మొదటి మెట్టు 'సామ్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేరు నమోదు. ఇది పూర్తిగా ఉచితం, ఏటా రెన్యువల్ చేసుకోవాలి. 'మేం చేయించి పెడతాం' అంటూ ఫీజులు గుంజేవాళ్లుంటారు కాబట్టి జాగ్రత్త.

ఇక అసలు కిటుకు. టెండరు పిలవక ముందే అధికారులు ఒక ప్రకటన ఇస్తుంటారు. 'ఈ పని చేయగలవాళ్లు ఎవరున్నారు?' అని అడగడమే దాని ఉద్దేశం. అందులో కాంట్రాక్టు ఉండదు, డబ్బు ఉండదు. అందుకే చాలామంది పక్కన పడేస్తారు. కానీ న్యాయమైన ధరకు పని చేయగల చిన్న సంస్థలు కనీసం రెండు ముందుకొస్తాయని అధికారికి నమ్మకం కుదిరితే, ఆ పనిని చిన్నవాళ్లకే కేటాయించాలన్నది అక్కడి నియమం. ఆ నమ్మకం ఎలా కుదురుతుంది? మనం రాసిన జవాబులతోనే. ఎవరూ పలకకపోతే పని అందరికీ తెరుచుకుంటుంది, పెద్ద కంపెనీలు వచ్చి కూర్చుంటాయి. తర్వాత గుండెలు బాదుకుని లాభం లేదు.

పని దక్కించుకుని పేరు అద్దెకిస్తామంటే కుదరదు. చిన్నవాళ్లకు కేటాయించిన భవన నిర్మాణ కాంట్రాక్టులో, సామగ్రి ఖర్చు పోను, వచ్చిన సొమ్ములో 85 శాతానికి మించి పెద్ద సబ్ కాంట్రాక్టర్లకు ఇవ్వకూడదు. 1935 నాటి మిల్లర్ చట్టం ప్రకారం పెద్ద నిర్మాణ పనులకు పూచీ బాండ్లు తప్పనిసరి. బాండు పుట్టని చిన్నవాళ్లకు స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ హామీ పథకం ఉంది.

నాణ్యత మీదా ఈ ఇంజినీర్లకు ప్రత్యేక కోర్సు ఉంది. కాంట్రాక్టరు తరఫున నాణ్యత చూసే మేనేజరు అది పూర్తి చేసి ఉండాలి. సర్టిఫికెట్ అయిదేళ్లు చెల్లుతుంది. పాఠం సారాంశం మూడు మెట్లు. పని మొదలెట్టే ముందు డ్రాయింగులు, సామగ్రి సరిచూడాలి. మొదటి రోజే అందరూ నిలబడి పని తీరు తేల్చుకోవాలి. ఆ తర్వాత రోజూ గమనిస్తుండాలి. కట్టాక కూలగొట్టడం కంటే కట్టకముందు అడగడం చవక కదా!

అమెరికాలో సొంతంగా ఐటీ, ఇంజినీరింగ్ సంస్థలు నడుపుతున్న మనవాళ్లకు ఇవన్నీ నేరుగా పనికొచ్చే సంగతులే. మరి ఇక్కడున్నవాళ్లకో? మన కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు కూడా వస్తువులు, సేవల కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే తీసుకోవాలన్న విధానం ఉంది. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలవి, 3 శాతం మహిళలవి. వాటా రాసిపెట్టి ఉన్నంత మాత్రాన ఇంటికి నడిచి రాదు. ఈసారి ప్రీ-బిడ్ మీటింగ్ నోటీసు కనిపిస్తే 'మనకెందుకులే' అనుకోకుండా ఒక్కసారి వెళ్లి కూర్చోండి. అర్థం కాని షరతును టెండరు వేయకముందే అడిగేయండి. అడగడానికి ఖర్చేం కాదు!