ఆ ఉబ్బు ఎన్ని మిల్లీమీటర్లు?

తలనొప్పి అని స్కానింగ్ తీయించగా "మెదడు రక్తనాళములో ఉబ్బు ఉన్నది" అని రిపోర్టు వచ్చిందనుకోండి. ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. పొలం అమ్మి ఆపరేషన్ చేయించాలా అనే మాట ఆ రాత్రే మొదలవుతుంది. ప్రియ చదువరులారా, అట్టి వేళ మనము మొదట అడుగవలసినది ఇది: "డాక్టరుగారూ, అది ఎన్ని మిల్లీమీటర్లు? ఎక్కడ ఉన్నది?"

ఈ ఉబ్బును అన్యూరిజం అంటారు. ఇది క్యాన్సరు గడ్డ కాదు. పాత సైకిలు ట్యూబు పలుచబడిన చోట బుడగ లేచినట్లు, మెదడు అడుగున రక్తనాళములు చీలేచోట గోడ బలహీనపడి ఉబ్బుతుంది. పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉంటుంది. వారిలో అనేకులకు జీవితాంతం పగలదు. పగిలితే మాత్రం ప్రాణాపాయమే.

మెదడు నాళములను ఎక్స్‌రేలో చూచే మార్గమును 1927లో పోర్చుగల్ వైద్యుడు ఏగాస్ మోనిజ్ కనుగొన్నాడు. నేడు సీటీ యాంజియోలో చేతి నరమునకు అయోడిన్ మందు ఎక్కించి తీస్తారు. ఎంఆర్ యాంజియోలో ఎక్స్‌రే కిరణములు ఉండవు. డీఎస్ఏలో తొడ లేక మణికట్టు వద్ద ధమనిలో సన్నని గొట్టం పంపుతారు. అన్నిటికంటె స్పష్టమైనది ఇదే. వీటిలో ఉబ్బు ఎత్తును, వెడల్పును, దాని మెడను కొలుస్తారు. చికిత్స ఏ విధముగా చేయాలో తేల్చడానికి మెడ కొలత ముఖ్యము.

అమెరికా, కెనడా, ఐరోపా రోగులపై జరిగి 2003లో వెలువడిన పరిశీలనలో, మునుపు మెదడులో రక్తస్రావము జరగనివారికి ముందు భాగపు నాళములలో 7 మిల్లీమీటర్లకంటె చిన్నవి ఐదేండ్లలో పగలలేదు. 25 మిల్లీమీటర్లు, అంతకు మించినవి నూటికి 40 పగిలినవి. అయితే చిన్నవన్నీ క్షేమమనుకోరాదు. ఉబ్బు ఉన్న చోటు, దాని ఆకారము, రక్తపోటు, పొగత్రాగుడు కూడా లెక్కలోనికి వస్తాయి.

చిన్న ఉబ్బును కొన్నాళ్లకొకసారి మరల కొలిచి, పెరిగిందో లేదో చూస్తారు. ఒక పద్ధతిలో తీసిన కొలతకు వేరొక పద్ధతి కొలతతో కొద్ది తేడా రావచ్చు. అది పెరుగుదల కాకపోవచ్చు. కావున పాత ఫిల్ములు, సీడీలు పారవేయక భద్రపరచి, ప్రతిసారి వెంట తీసుకువెళ్లండి. వీలైనంతవరకు అదే విధమైన స్కానింగ్ చేయించండి. బీపీ మాత్రలు మానకండి. బీడీ, చుట్ట విడిచిపెట్టండి.

ఎన్నడూ ఎరుగని భయంకరమైన తలనొప్పి ఒక్కసారిగా వచ్చి, వాంతులు, మెడ బిగుసుకొనుట, స్పృహ తప్పుట కలిగితే మాత్రం తెల్లవారేవరకు ఆగవద్దు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి.