అమృతపాణి ఎక్కడ? కదళి పుట్టుపూర్వోత్తరాలు

ఆషాఢమాసంలో ఎల్లమ్మ తల్లి కళ్యాణోత్సవం వచ్చిందంటే బల్కంపేట వీధులలో అడుగు పెట్టడానికి చోటుండదు. ఆ రోజులలోనే అమీర్‌పేటలో కాపురముంటున్న ఒక గృహస్థుడు తన తల్లిగారిని మా వైద్యశాలకు తీసుకొని వచ్చాడు. ఆమె వయస్సు ఎనభై. పుట్టి పెరిగినది కోనసీమ. దీర్ఘజ్వరం తగ్గినది గాని నోరు రుచి తెలియక అన్నం సహించుట లేదు. ఔషధంతోపాటు, బాగా మాగిన అరటిపండు రోజుకొకటి, పాలతో కలపకుండా విడిగా ఇమ్మని చెప్పి పంపాను.

వారం గడచిన పిమ్మట కుమారుడొక్కడే వచ్చాడు. "ఆచార్యులవారూ! అమ్మ అమృతపాణి తప్ప ముట్టనంటున్నది. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రగడ్డ రైతుబజారు అన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా ఆ పొడుగు పచ్చరటే. ఏ పండయినా పండే గదా అంటే వినదు" అని వాపోయాడు.

ఈ విషయంలో నేను ఆ తల్లి పక్షమే. తప్పు నాది కూడ. "అరటిపండు" అని ఊరుకున్నాను గాని ఏ అరటియో చెప్పలేదు. మన నిఘంటుకారులు అట్లు ఊరుకోలేదు. పదునారవ శతాబ్దివాడైన భావమిశ్రుడు తన భావప్రకాశంలో మాణిక్యం, మర్త్యం, అమృతం, చంపకం మొదలుగా కదళీభేదాలు అనేకమున్నవని చెప్పాడు. (పేరు కలిసినది గదా అని ఆ అమృతమే మన అమృతపాణి అనుట సాహసమే అవుతుంది.) రాజనిఘంటువు మరొక అడుగు ముందుకు వేసి గిరికదళిని వేరుగా పేర్కొని దానికి "బహుబీజ" అను పర్యాయం ఇచ్చినది. అనగా విత్తనాలు మెండుగా గల కొండ అరటి.

గురుకులంలో ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది. అరటిపండులో విత్తనమెక్కడిదని గురువుగారిని అడిగాను. ఆయన పెరటిలోని పండునొకదానిని అడ్డముగా కోసి, నడుమ కనిపించు సన్నని నల్లని చుక్కలను చూపి, "ఇవి ఒకప్పటి గింజలు, ఇప్పుడు గుర్తులు మాత్రమే" అన్నారు. ఆ ఒక్క మాటలో అరటి చరిత్ర అంతా ఉన్నదని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

నేటి వృక్షశాస్త్రం ప్రకారం మనం తినే అరటులలో దాదాపు అన్నిటికీ మూలం రెండే అడవి జాతులు. మొదటిది మ్యూసా అక్యుమినేటా. దీని స్వస్థానం మలయా ద్వీపకల్పం, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, న్యూగినీ ప్రాంతాలు. రెండవది మ్యూసా బాల్బిసియానా. ఇది మన ఈశాన్య రాష్ట్రాల అడవులలో నేటికీ కనిపిస్తుంది. రెండింటి కాయల నిండా మిరియాలంతేసి గట్టి గింజలే. వాటి నడుమ గుజ్జు కొద్దిగా ఉంటుంది. అస్సాంలో భీమ్‌కోల్ అను గింజల అరటి పండును మెదిపి, గింజలు తీసివేసి, పసిబిడ్డలకు తొలి ఆహారంగా పెట్టే వాడుక ఉన్నది.

న్యూగినీ ఎత్తైన ప్రాంతంలో కుక్ అను చిత్తడినేలలో సుమారు 6,500 నుండి 7,000 ఏళ్ల నాటి అరటి సాగు ఆనవాళ్లు దొరికినవి. విత్తనం లేని పంటకు ఆనవాలేమని పాఠకులు సందేహించవచ్చును. అరటి ఆకులో ఇసుకవంటి అతిసూక్ష్మ రేణువులు ఉంటాయి. ఆకు కుళ్లినా అవి వేల ఏళ్లు మట్టిలో నిలుస్తాయి. వాటి ఆకారమే సాక్ష్యం.

మొదటి జాతిలో ఎక్కడెక్కడో, పుప్పొడి సోకకుండానే కాయ కండపట్టే మొక్కలు పుట్టినవి. మానవుడు వాటిని విడువక పిలకలు తీసి నాటుకొన్నాడు. ఆ పిలకలు చేతులు మారుతూ భారతదేశం వైపు వచ్చి, ఇక్కడి బాల్బిసియానాతో సంకరమైనవి. సామాన్యంగా అడవి అరటిలో క్రోమోజోములు పదకొండు చొప్పున రెండు వరుసలు, మొత్తం 22. పెరటి అరటులలో అధికభాగానికి మూడు వరుసలు, మొత్తం 33. మూడింటిని సమంగా రెండుగా పంచుట సాధ్యం కాదు గదా! అందుచేత గింజ కట్టదు. మనకు తినుటకు హాయి, మొక్కకు వంధ్యత్వం.

1955లో సిమండ్స్, షెపర్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు మొదటి జాతి అంశకు "ఏ" అనియు, రెండవదానికి "బి" అనియు గుర్తులు పెట్టి, పదిహేను బాహ్యలక్షణాలను బట్టి ఏ రకంలో ఏ అంశ ఎంతో నిర్ణయించే పద్ధతి చూపారు. వైద్యుడు దర్శన, స్పర్శనలతో ప్రకృతిని నిర్ణయించినట్లే ఉంటుంది. కాండంపై నల్లని మచ్చలు మెండుగా ఉండి, ఆకుకాడ గాడి విచ్చుకొని ఉంటే "ఏ" అంశ. మచ్చలు స్వల్పమై, కాడ అంచులు మూసుకొని ఉంటే "బి" అంశ. పెరడు గలవారు స్వయంగా చూడవచ్చును.

దీనిని బట్టి బజారులోని పచ్చరటి, గ్రాండ్ నైన్, వామనకేళి మూడు వరుసలూ "ఏ" గలవి. అమృతపాణి, కర్పూర చక్కెరకేళి రెండు "ఏ", ఒక "బి". కూరకు వాడే బొంత ఒక "ఏ", రెండు "బి". ఏలక్కి ఒక "ఏ", ఒక "బి". "బి" అంశ ఎక్కువైన కొద్దీ పిండిపదార్థం, నీటి ఎద్దడికి ఓర్పు హెచ్చుగా కనబడతాయి. మలం బంధించుటకు బొంతకాయను పెద్దలు కోరడం ఊరక కాదు. అయితే పసిపిల్లలకు విరేచనాలైనప్పుడు కాయకూరపై ఆధారపడక, ముందు ఉప్పు, పంచదార కలిపిన ద్రవం ఇచ్చి వైద్యుని చూడవలెను. మూత్రపిండ వ్యాధి గలవారు ఏ అరటినైనను వైద్యుని అడిగియే తినవలెను. పొటాషియం వారికి చేటు. మధుమేహులు మిక్కిలి మాగిన పెద్ద పండ్లను మానుట మంచిది.

ఇక అమృతపాణి సంగతి. గింజ లేని రకం పిలక ద్వారానే సాగవలెను. అనగా లక్ష మొక్కలున్నా అవి ఒకే మొక్కకు కొనసాగింపు. ఒకదానిని చంపగల తెగులు అన్నిటినీ చంపగలదు. నేలలో ఉండే శిలీంధ్రం వలన వచ్చే పనామా ఎండుతెగులుకు అమృతపాణి త్వరగా లోబడుతుంది. ఆ శిలీంధ్రం పట్టిన నేలలో దశాబ్దాల పాటు వీడదు. పైగా పండిన పండు గెల నుండి రాలిపోయే గుణం ఉండటంతో దూరప్రయాణానికి పనికిరాదు. రావులపాలెం నుండి లారీలో బయలుదేరితే హైదరాబాదు చేరేసరికి ఎట్లుంటుందో ఊహించుకోవచ్చును. రైతును తప్పుపట్టలేము.

ఇదే తెగులు పాశ్చాత్య దేశాలకు ఎగుమతి అయిన గ్రోమిషెల్ అను రకాన్ని 1960ల నాటికి అంగడి నుండి తొలగించింది. దాని స్థానంలో వచ్చినది కావెండిష్. 1830లలో ఇంగ్లండులోని డెవన్‌షైర్ ప్రభువు అద్దాల తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ పెంచిన మొక్కకు ప్రభువు ఇంటిపేరు పెట్టారు. మన పచ్చరటి, గ్రాండ్ నైన్, వామనకేళి ఆ వంశమే. నేడు ప్రపంచపు పంటలో దాదాపు సగం ఇదే. అయితే ఆ తెగులులోనే మరొక తీవ్రరూపం కావెండిష్‌ను కూడ ఎండబెడుతున్నది. 2019లో అది దక్షిణ అమెరికాలోని కొలంబియాకు చేరింది. మన దేశంలో బిహారులో కనిపించింది. అరటి పంటలో మనది ప్రపంచంలో ప్రథమస్థానం గనుక ఇది చిన్న వార్త కాదు. తెగులును తట్టుకొనే గుణం కోసం శాస్త్రజ్ఞులు వెదకేది గింజలున్న ఆ అడవి అరటులలోనే, మరుగునపడిన పెరటి రకాలలోనే. కొవ్వూరులోని పరిశోధనస్థానం, తిరుచిరాపల్లిలో 1993లో ఏర్పడిన జాతీయ అరటి పరిశోధన కేంద్రం అటువంటి రకాలను సేకరించి నాటి ఉంచుతున్నవి. గింజ లేదు గనుక డబ్బాలో దాచుటకు వీలు లేదు. ఏటేటా నేలలోనైనా, గాజుబుడ్డిలోనైనా పెంచుతూనే ఉండవలెను.

ఆ గృహస్థుడు చివరకు కోనసీమలోని మేనమామగారింటికి ఫోను చేశాడు. పెరటి చెట్టు నుండి ఒక అత్తం బస్సులో వచ్చినది. సగం రాలినవి, తక్కినవి బాగున్నవి. అమ్మగారు రోజుకొకటి చొప్పున తిని, అయిదవనాటికి పప్పుచారు అడిగారట. తరువాతి నెలలో ఆయన ఒక పిలక కూడ తెచ్చి, ఫ్లాటులో మట్టి లేదంటూ నాకు అప్పగించాడు. తెగులు లేని పెరటిదేనని రూఢి చేసుకొని, వేళ్లు కడిగి, మా వైద్యశాల వెనుక నూతి ప్రక్కన నాటాము. ఇప్పటికి ఏడు ఆకులు వేసినది.