నక్క తోక తొక్కిన సెరటోనిన్

భిలాయిలో మొదటి బ్లాస్ట్‌ఫర్నేస్‌ను రాజేంద్రప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బతుకుతెరువుకి వచ్చిన మన పెద్దవాళ్లు ఈ సంగతి ఇప్పటికీ చెబుతారు. వాళ్లు చెప్పనిది ఇంకోటుంది. మనకి ఫర్నేస్ కట్టిపెట్టిన సోవియట్ దేశంలోనే, అదే ఏడు, సైబీరియాలో నక్కల ప్రయోగం మొదలైంది.

♦ ద్మీత్రీ బెల్యాయెవ్, ల్యుద్మీలా త్రూత్ ప్రతి తరంలోనూ బెదరని, కరవని నక్కల్నే ఏరి జతకట్టించారు. నాలుగో తరానికల్లా కొన్ని పిల్లలు మనిషిని చూసి తోక ఊపాయి. తర్వాత చూస్తే మచ్చికైన నక్కల మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మామూలు వాటికంటే ఎక్కువ! ఎవరూ మందు పెట్టలేదు. ‘మనిషొస్తే పారిపోవాలా, దగ్గరికి పోవాలా’ అన్న తీర్పు వంశంలోనే మారిపోయింది.

♦ ఒంట్లో సెరటోనిన్ నూటికి తొంభై పాళ్లు తయారయ్యేది పేగుల్లో. మెదడులోనూ ఉందని 1953లో బెట్టీ ట్వారోగ్ బయటపెట్టారు.

♦ వాడిన సెరటోనిన్‌ను నరాల కణంలోకి తిరిగి లాగే ప్రొటీన్‌ను తయారుచేయించే ఓ జన్యువు మనకి 17వ క్రోమోజోమ్ మీద ఉంది. ఆ జన్యువుని నడిపించే మీటలో పొట్టి రకం, పొడుగు రకం ఉన్నాయి. ఎర్రమూతి కోతిలోనూ అంతే. 2009లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు కోతులకి పెత్తందారు మగకోతి ఫొటో చూపించారు. పొట్టి రకం ఒక్కటున్నా చాలు, కోతి ఆ కళ్లలోకి చూడలేక ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత జూదం లాంటి ఆటలో పందెం కాయడానికీ జంకింది. మా క్వార్టర్ ప్రహరీ మీద వేరుశెనక్కాయ చూసి చెయ్యి చాచి, వెనకనున్న పెద్దకోతి గుర్రుమనకుండానే వెనక్కి లాక్కునే కుర్రకోతిని రోజూ చూస్తాను. దాని జన్యువు ఏదో నాకేం తెలుసు గానీ, ఆ లెక్క మాత్రం అదే.

♦ ఈ పొట్టి రకముంటే మనిషికి కష్టాల్లో కుంగుబాటు వస్తుందని 2003లో పెద్ద హడావుడి జరిగింది. 2019లో లక్షలమంది వివరాలు తిరగేస్తే ఆ సంబంధం నిలవలేదు. కాబట్టి జన్యుపరీక్ష చేసి మీ అబ్బాయి స్వభావం చెప్పేస్తామనేవాళ్లకి డబ్బులివ్వకండి.

♦ ఎడారి మిడతకి జన్యువులేమీ మారక్కర్లేదు. వెనక కాళ్లకి తోటి మిడతలు రాసుకుంటుంటే దాని ఛాతీలోని నరాల ముడిలో సెరటోనిన్ పెరుగుతుంది. రెండు గంటల్లో ఒంటరిది కాస్తా దండులో మనిషైపోతుంది.

♦ సెరటోనిన్‌కీ ఓపికకీ ఉన్న సంబంధం జపాన్‌లోని ఒకినావాలో తేల్చారు. ఎలుక మెదడులో సెరటోనిన్ కణాల్ని కాంతితో మేల్కొలిపితే అది తిండి కోసం ఎక్కువసేపు కాచుకుంది. అయితే తిండి దొరికే అవకాశం నూటికి 75 ఉన్నప్పుడే ఈ పాచిక పారింది. 50కి తగ్గించగానే, కాంతి వేసినా ఎలుక ఓపిక పెరగలేదు. సెక్టార్-5 బాలాజీ గుడిలో పులిహోర గిన్నె అడుగు కనిపిస్తుంటే క్యూలో నేనూ అంతే.