రైతు చేతి తుపాకి: దేశదేశముల చట్టములును మన చట్టమును

మొక్కజొన్న కండె పాలుపట్టు దినములలోను, వేరుశనగ ఊడ దిగి కాయ గట్టు దినములలోను, వినుకొండకు పడమట అడవి యంచున నున్న పల్లెల రైతులకు రాత్రి నిద్ర యుండదు. అడవిపందుల మంద యొక్క రాత్రి దిగెనా, తెల్లవారునప్పటికి చేను నాగలితో దున్నినట్లుండును. మంచె కట్టి, డప్పు గొట్టి, ఒడిసెల రాళ్లు విసరి, టపాకాయలు గాల్చి విసిగిన రైతు తుదకు అడుగు ప్రశ్న యొక్కటియే. "అయ్యా, మాకు తుపాకి లైసెన్సు ఇత్తురా? అమెరికాలో నున్న మా పిల్లవాడు అచ్చట తుపాకులు అంగడిలో అమ్ముదురని చెప్పుచున్నాడు. మనకు మాత్ర మేల యీ నిర్బంధము?"

ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానము తెలియక కొందఱు నాటు తుపాకి కొని జైలు పాలగుచున్నారు. మఱికొందఱు చేని చుట్టును కరెంటు తీగ పెట్టి ప్రాణములు దీయుచున్నారు. కావున ఈ విషయమును మొదటినుండి విచారింతము. పాఠకులు ఒక్క సంగతిని మనసున నుంచుకొనవలయును. తుపాకిని ఇంట నుంచుకొనుట వేఱు. దానిని చేతబట్టి బయట తిరుగుట వేఱు. దానితో ఒక జంతువును కాల్చుట వేఱు. ఈ మూటికిని చట్టము వేర్వేరుగా అనుమతి నడుగును. ఏ దేశపు చట్టమునైనను ఈ మూడు ప్రశ్నలతో కొలిచి చూచినచో తేటపడును.

పూర్వ వృత్తాంతము

1857 తిరుగుబాటు పిమ్మట ఆంగ్ల ప్రభుత్వము ప్రజల యాయుధములపై పట్టు బిగించెను. లిట్టన్ ప్రభువు వైస్రాయిగా నున్న కాలమున, 1878లో, ఆయుధ చట్టము వచ్చెను. ఆదిని ఐరోపావారికి మినహాయింపు నిచ్చి, దేశీయునిమాత్రము లైసెన్సు అడుగుటచే ఈ చట్టము మనవారికి అవమానకరముగా తోచెను. మన్యమున అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై పడినప్పుడు పట్టుకొనిపోయినవి ధనము గాదు, తుపాకులు, తూటాలు. ఆయుధము లేని ప్రజకు ఆయుధ మెచ్చట నుండెనో దీనివలన తెలియుచున్నది.

నిబంధనలకు లోబడి ఆయుధము కలిగియుండు హక్కు పౌరునకు ఉండవలయునని 1931లో కరాచీ కాంగ్రెసు కోరెను. కాని 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగమున అది ప్రాథమిక హక్కుగా చేరలేదు. 1878 నాటి చట్టమును తీసివేసి 1959లో క్రొత్త ఆయుధ చట్టమును జేసిరి. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలున నున్నది. అమెరికా రాజ్యాంగమువలె మన రాజ్యాంగము తుపాకిని ప్రాథమిక హక్కుగా ఈయలేదని సుప్రీంకోర్టు 2023లో మరల చెప్పినది.

అయినను మన దేశమునందే ఒక వింత కలదు. కర్ణాటకమునందలి కొడగు సీమలో కొడవ జాతివారికిని, జమ్మా భూములు గల కుటుంబములవారికిని తుపాకికి లైసెన్సు అక్కఱలేదు. ఈ మినహాయింపు 1861నుండి వచ్చుచున్నది. కేంద్ర ప్రభుత్వము 2019లో దానిని 2029 వఱకు పొడిగించినది. కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించినది. కాఫీ తోటల రైతు ఇంట గోడకు తుపాకి వ్రేలాడుట అచ్చట సామాన్యము. అది వారి చరిత్రవలన కలిగినదే కాని, తక్కిన రైతులు తమకును కావలయునని కోరుటకు ఆధారము కాజాలదు.

అన్యదేశముల పద్ధతులు

అమెరికాలో ఆయుధము కలిగియుండు హక్కు 1791నుండి రాజ్యాంగమున నున్నది. అది ఆత్మరక్షణకై ఒక్కొక్క పౌరునకు గల హక్కని 2008లోను, ఇంటి వెలుపల ధరించుటకును వర్తించునని 2022లోను అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సగమునకు పైబడిన రాష్ట్రములలో పిస్తోలును బయట ధరించుటకు పర్మిట్టు కూడ అక్కఱలేదు. లైసెన్సు గల అంగడివాడు మాత్రము కొనువాని పూర్వ నేరములను విచారింపకుండ అమ్మరాదు. అనగా అచ్చట "నీకేల తుపాకి?" యని పౌరుని అడుగరు, "నీకేల ఈయరాదు?" అనుటకు కారణము చూపు భారము సర్కారుదే.

మన పిల్లలను అమెరికాకు పంపిన తల్లిదండ్రులు ఇచ్చట నొక హెచ్చరిక వినవలయును. విద్యార్థి వీసాపైనను, తాత్కాలిక ఉద్యోగ వీసాపైనను ఉన్నవారు, వేట లైసెన్సు గలవారివంటి కొలది మినహాయింపులు తప్ప, తుపాకి గాని తూటా గాని ఉంచుకొనుట అచ్చటి ఫెడరలు చట్టము ప్రకారము నేరము. మిత్రుని తుపాకితో సరదాకు ఫొటో దిగినను చిక్కు రావచ్చును.

మన ప్రశ్నకు సూటియైన పాఠము టెక్సాసు రాష్ట్రమున దొరకును. అచ్చట పొలములపై బడు పందులను భూస్వామి సమ్మతితో కాల్చుటకు 2019నుండి వేట లైసెన్సయినను అక్కఱలేదు. తుపాకులకు కొఱత లేదు, కాల్చువారికి కొఱత లేదు. అయినను పందుల బెడద తీరలేదు. ఒకటి రెంటిని కాల్చినచో మంద బెదరి ప్రక్క చేనికి పోవును. మిగిలిన ఆడుపందులు ఈని లోటును త్వరలోనే పూరించును. అందుచే అచ్చటి వ్యవసాయ శాస్త్రజ్ఞులు మందను మందగా బోనులో పట్టుటయే ఎక్కువ ఫలకారి యనుచున్నారు.

బ్రిటనులో మార్గము వేఱు. 1996లో డన్‌బ్లేన్ పాఠశాలలో 16 మంది పసిబిడ్డలును వారి ఉపాధ్యాయినియు కాల్పులకు బలియైన పిమ్మట, 1997లో పిస్తోళ్లను ప్రజలనుండి దాదాపుగా తీసివేసిరి. రైతునకు వేట తుపాకి మాత్రము నేటికిని దొరకును. పోలీసు శాఖ ఇచ్చు సర్టిఫికెట్టు అయిదేండ్లకు చెల్లును. తుపాకిని తాళము వేసి భద్రపఱుపవలయును. ఆత్మరక్షణకని బయట ధరించుటకు అనుమతి లేదు.

ఆస్ట్రేలియాలో 1996లోనే పోర్ట్ ఆర్థరునందు 35 మంది హతులైరి. వెంటనే రాష్ట్రములన్నియు నొక ఒప్పందమునకు వచ్చి, 6 లక్షలకు పైగా తుపాకులను సర్కారు ధన మిచ్చి కొని నాశనము చేసెను. అచ్చట లైసెన్సు కోరువాడు నిజమైన కారణము చూపవలయును. వ్యవసాయము అట్టి కారణములలో నొకటి, ఆత్మరక్షణ కాదు.

జపాను చట్టము అన్నిటికంటె కఠినము. 1588లోనే హిదెయోషి యను ప్రభువు రైతుల కత్తులను, తుపాకులను పోగుచేయించెను. నేటి చట్టము 1958 నాటిది. పిస్తోలు ప్రజకు లేదు. వేట తుపాకి కావలసినవాడు తరగతులకు హాజరై, వ్రాతపరీక్షయు, కాల్పు పరీక్షయు నెగ్గి, వైద్యుని పత్రము తేవలయును. ఏటేట పోలీసులు తుపాకిని తనిఖీ చేయుదురు. అచ్చటను అడవిపందులు చేలను పాడుచేయును. అందుచే 2007లో ప్రత్యేక చట్టము జేసి, గ్రామ పురపాలక సంఘములు శిక్షణ పొందిన వేటగాండ్రచే నివారణ చేయించు ఏర్పాటు చేసికొనిరి. ఒక్కొక్క రైతు తుపాకి కొనుట గాక, ఊరంతయు కలిసి పనిచేయుట వారి మార్గము. సహకార సంఘ సభ్యులమైన మనకు ఇది తెలిసిన మాటయే.

నేటి మన చట్టము

మన చట్టము రైతును మఱచిపోలేదు. పంటరక్షణకు నిజముగా కావలసినచో, మూతినుండి మందు కూరు తుపాకికి లైసెన్సు ఈయవలయునని 13వ సెక్షను చెప్పుచున్నది. అది చాలదని అధికారికి నమ్మకము కలిగినచో, 20 అంగుళములకు తక్కువగాని గొట్టము గలిగి, లోపల చారలు లేని నున్నని తుపాకికిని ఈయవచ్చును. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటునకు చేయవలయును. మన పల్నాడు జిల్లాకు ఆ కార్యాలయము నరసరావుపేటలో నున్నది. పోలీసు విచారణ జరుగును. వయస్సు 21 ఏండ్లు నిండవలయును. ఆరోగ్య పత్రమును, తుపాకిని భద్రముగా వాడుటలో శిక్షణ పొందిన పత్రమును చూపవలయును. 2019 సవరణ ప్రకారము లైసెన్సు అయిదేండ్లకు చెల్లును. ఒక్కనికి రెండు తుపాకులకు మించరాదు.

చాలమంది రైతు లెఱుగని సంగతి యొకటి కలదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణముచే లైసెన్సు నిరాకరింపరాదని 14వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. రెండెకరముల మెట్ట గలవాడును అడుగవచ్చును. నిరాకరించినచో అధికారి కారణములను వ్రాసియుంచవలయును. అడిగినచో, ప్రజాహితమునకు భంగము లేనంతవఱకు, వాని సంగ్రహమును దరఖాస్తుదారునకు ఈయవలయును. పిమ్మట గడువులోపల అప్పీలు చేసికొనవచ్చును.

లైసెన్సు దొరకినను దానిని జాతరకు, ఊరేగింపునకు, బడి యావరణకు తీసికొనిపోరాదు. పెండ్లిలో సంతోషమునకు కాల్చి ఇతరుల ప్రాణమునకు అపాయము తెచ్చుట 2019నుండి ప్రత్యేక నేరము. రెండేండ్ల ఖైదుగాని, లక్ష రూపాయల వఱకు జుల్మానాగాని, రెండునుగాని పడవచ్చును. ఎన్నికల కాలమున తుపాకిని ఠాణాలో అప్పగింపుమని ఉత్తర్వు వచ్చినచో అప్పగింపవలయును.

లైసెన్సు లేని తుపాకి ఇంట దొరకినచో తక్కువలో తక్కువ రెండేండ్లు, ఎక్కువలో అయిదేండ్లు ఖైదును, జుల్మానాయును. నాటు తుపాకి చేసి అమ్మువానికి ఏడేండ్లనుండి యావజ్జీవము వఱకు శిక్ష. ఒక్క పంట నష్టము మఱుసటి ఏట తీరవచ్చును. ఈ నష్టము తీరునది కాదు.

లైసెన్సుతో పని ముగియదు

మూడవ ప్రశ్న మిగిలినది. తుపాకి లైసెన్సు పందిని చంపుటకు అనుమతి గాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపందిని కూడ కాపాడుచున్నది. నిలిచిన పైరునకు అపాయకరమైన పందులను వేటాడుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడుగాని, ఆయన అధికార మిచ్చిన అధికారిగాని కారణములు వ్రాసి ఉత్తర్వు ఈయవలయును. కేరళలో 2022నుండి ఈ అధికారమును గ్రామ పంచాయతీ అధ్యక్షులకే అప్పగించిరి. కేంద్ర ప్రభుత్వము ఒక ప్రాంతమున కొంత కాలమునకు పందిని చీడజంతువుగా ప్రకటించుటయు కలదు. బీహారు, ఉత్తరాఖండములలో 2015, 2016 సంవత్సరములలో అట్లు చేసిరి. అట్టి ఉత్తర్వు లేనిచోట, లైసెన్సు గల తుపాకితో కాల్చినను నేరమే. అనుమతితో చంపిన జంతువును సర్కారు సొత్తే యగును గాన, ఉత్తర్వులో చెప్పినట్లు చేయవలయునే కాని కూరకు పంచుకొనరాదు. మనిషిపై బడిన మృగమునుండి ప్రాణరక్షణకు సద్బుద్ధితో చేసినది మాత్రము నేరము గాదు.

ఇక కరెంటు తీగ మాట. స్తంభముపై తీగనుండి కొక్కెము వేసి చేని చుట్టును కరెంటు పాఱించుట విద్యుచ్చౌర్యము. మనిషి చచ్చినచో ప్రాణము తీసిన నేరము. పందికని పెట్టిన తీగ వేకువ మడవ కట్టబోవు పొరుగువానిని చంపును, మేకలు తోలుకొనిపోవు పిల్లవానిని చంపును, ఒక్కొక్కమాఱు పెట్టినవానినే చంపును. తుపాకి కాల్చువానికి ఎదుట నున్నదెవరో చూచు అవకాశమైనను కలదు. తీగకు కన్నులు లేవు. సౌరశక్తితో పనిచేయు కంచె వేఱు. అది క్షణమాత్రము తగిలి విడుచు దెబ్బ గొట్టి జంతువును బెదరించును, చంపదు.

కావున రైతు సోదరులు చేయవలసిన పని యిది. పంట పాడైన ప్రతిమాఱును తేది, సర్వే నంబరు, విస్తీర్ణము వ్రాసి, ఫొటో తీసి, అటవీ శాఖకు వ్రాతమూలకముగా తెలియజేసి, రసీదు తీసికొనుడు. ఆ కాగితములే రేపు లైసెన్సు దరఖాస్తునకును, వేట ఉత్తర్వునకును, పరిహారమునకును ఆధారము. ఒక్కడు అడిగిన దరఖాస్తుకంటె, పది చేలవారు సంఘము ద్వారా కలిసి వ్రాసిన అర్జీకి బలమెక్కువ. అడవి వైపున్న చేలకన్నిటికిని కలిపి ఒకే సౌర కంచె వేసికొన్నచో ఒక్కొక్కరిపై ఖర్చును తగ్గును. ఇంట దాచిన నాటు తుపాకి గాని, చేని గట్టున చుట్టి పెట్టిన కరెంటు తీగ గాని ఉన్నవారు, ఆ తీగను నేడే విప్పివేయుడు. ఆ తుపాకి విషయమై వకీలు నొకని సలహా గైకొని దానిని ఠాణాలో అప్పగించు మార్గము చూచుకొనుడు. మొక్కజొన్న మరల వేసికొనవచ్చును.